టెక్సాస్‌లో తొమ్మిదో తరగతి కోర్సుల ఎంపిక: క్రెడిట్లు, జీపీఏ, ర్యాంకు గురించి సందేహాలు

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మేము డల్లాస్‌కు ఉత్తరాన ఒక శివారు పట్టణంలో ఉంటున్నాము. మా అబ్బాయి ప్రస్తుతం ఎనిమిదో తరగతి చదువుతున్నాడు, ఆగస్టులో హైస్కూలులో చేరతాడు. వచ్చే ఏడాది చదవబోయే కోర్సులను ఫిబ్రవరిలోపు ఎంచుకోవాలని, దానితోపాటు నాలుగేళ్ల ప్రణాళికను కూడా రాసి సంతకం చేసి పంపాలని పాఠశాల నుంచి పత్రం వచ్చింది. నేనూ మా వారూ విజయవాడలో పదో తరగతి తరువాత ఎంపీసీ తీసుకున్నవాళ్లం. ఒకసారి గ్రూపు నిర్ణయమైతే ఆ రెండేళ్లూ ఏ సబ్జెక్టు చదవాలన్న ఆలోచనే మాకు ఉండేది కాదు. ఇక్కడ ప్రతి ఏడాదీ ప్రతి సబ్జెక్టుకూ రెండు మూడు స్థాయులు ఉండటంతో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పత్రంలో ఒకచోట 22 క్రెడిట్లు అని, మరోచోట 26 అని ఉంది. వాడు ఈ ఏడాది ఆల్జీబ్రా 1 చదువుతున్నాడు. అది హైస్కూలు లెక్కలోకి వస్తుందా? పైగా వాడికి వయొలిన్ అంటే ప్రాణం, ఆర్కెస్ట్రా మానడానికి ససేమిరా ఒప్పుకోవడం లేదు. అది ఉంటే తరగతిలో ర్యాంకు పడిపోతుందని, తొమ్మిది నుంచే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి) కోర్సులు నింపమని తెలిసినవారు చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

లెక్కల టీచరు:
నమస్కారం అండి. నేను ఈ రాష్ట్రంలోనే ఒక ప్రభుత్వ హైస్కూలులో గణితం బోధిస్తున్నాను. ప్రతి శీతకాలంలోనూ ఈ ప్రశ్నలే వింటుంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీరు కలిపి చూస్తున్నవి నిజానికి మూడు వేర్వేరు లెక్కలు. క్రెడిట్లు ఎన్ని కావాలో నిర్ణయించేది రాష్ట్రం. జీపీఏను (గ్రేడుల సగటును), దాన్నిబట్టి వచ్చే ర్యాంకును ఎలా కట్టాలో నిర్ణయించేది మీ పాఠశాల జిల్లా, అంటే మీ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ. ఆ రెండింటినీ చూసి తమకు తోచిన రీతిలో బేరీజు వేసేది విశ్వవిద్యాలయం. ఒక లెక్కకు సంబంధించిన సలహాను మరొక లెక్కకు అన్వయించడం వల్లనే మన తల్లిదండ్రుల మధ్య తిరిగే మాటలు ఒకదానికొకటి పొసగకుండా ఉంటాయి.

ముందు రాష్ట్రం లెక్క చూద్దాం. 2013లో శాసనసభ చేసిన చట్టం ప్రకారం, 2014లో తొమ్మిదిలో చేరిన విద్యార్థుల నుంచి ఫౌండేషన్ ప్రోగ్రాం అమలులోకి వచ్చింది. అందులో ఇంగ్లీషుకు 4, గణితానికి 3, సైన్సుకు 3, సాంఘిక శాస్త్రాలకు 3, ఇంగ్లీషు కాని మరో భాషకు 2, వ్యాయామ విద్యకు 1, లలిత కళలకు 1, ఐచ్ఛికాలకు 5, మొత్తం 22 క్రెడిట్లు. ఏడాది పొడవునా సాగే కోర్సుకు ఒక క్రెడిట్, ఒక సెమిస్టరుకు అర క్రెడిట్. దీనిపై ఎండార్స్‌మెంట్ అనే ప్రత్యేక దారిని ఎంచుకుంటే గణితం, సైన్సు నాలుగేసి, ఐచ్ఛికాలు ఏడు అయి మొత్తం 26 అవుతుంది. ఎండార్స్‌మెంట్లు ఐదు: స్టెమ్ (సైన్సు, సాంకేతికత, ఇంజినీరింగ్, గణితం), వ్యాపారం-పరిశ్రమ, ప్రజా సేవలు, కళలు-మానవీయ శాస్త్రాలు, బహుళ రంగాలు. తొమ్మిదిలో చేరేటప్పుడే ఒకటి రాసివ్వాలి, తరువాత మార్చుకోవచ్చు. మీ వాడు 26 దారిలోనే ఉండాలి. ఎందుకంటే, ఒక ఎండార్స్‌మెంటుతోపాటు ఆల్జీబ్రా 2 కూడా పూర్తి చేసినవారికే డిస్టింగ్విష్‌డ్ లెవెల్ అనే పై స్థాయి గుర్తింపు వస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ర్యాంకు ఆధారంగా నేరుగా ప్రవేశం పొందాలంటే అది తప్పనిసరి.

ఎనిమిదిలో చదివే ఆల్జీబ్రా 1కు హైస్కూలు క్రెడిట్ వస్తుంది, దాని రాష్ట్ర పరీక్ష కూడా ఈ వసంతంలోనే రాయాలి. ఆ మార్కు జీపీఏలో కలుస్తుందా అన్నది మాత్రం జిల్లా నియమం. కొన్ని జిల్లాలు కలుపుతాయి, కొన్ని కలపవు. ఈ ఒక్క ప్రశ్నకు రేపే సమాధానం కనుక్కోండి, ఎందుకంటే మీ వాడు ఆ మార్కును ఇప్పుడే సంపాదిస్తున్నాడు.

ప్లేనో నాన్న:
టీచరు గారు చెప్పినదానికి జీపీఏ వైపు నుంచి కొంత జోడిస్తాను. కష్టమైన కోర్సులకు ఎక్కువ పాయింట్లు ఇచ్చే వెయిటెడ్ జీపీఏకు రాష్ట్రమంతటికీ ఒకే సూత్రం లేదు. ఒక జిల్లాలో గరిష్ఠం 4 అయితే, పక్క జిల్లాలో 5, ఇంకొకచోట 6 ఉండవచ్చు. అందువల్ల మీ అబ్బాయి 4.6ను మరో జిల్లాలో ఉన్న బంధువుల అమ్మాయి 5.3తో పోల్చడంలో అర్థం లేదు.

ఆర్కెస్ట్రా సంగతికి వస్తే, మీరు విన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. ఉన్నత స్థాయి కోర్సులో ‘ఏ’ గ్రేడుకు 5, సాధారణ కోర్సులో ‘ఏ’ గ్రేడుకు 4 ఇచ్చే పద్ధతి అనుకుందాం. ఆరు ఉన్నత కోర్సుల్లోనూ ‘ఏ’ తెచ్చుకున్న పిల్లవాడి సగటు 5.0. అతడే ఏడో కోర్సుగా ఆర్కెస్ట్రా తీసుకుని అందులోనూ ‘ఏ’ తెచ్చుకుంటే మొత్తం 34, దాన్ని ఏడుతో భాగిస్తే సుమారు 4.86. అంటే ఎక్కువ చదివి, అన్నింట్లోనూ ‘ఏ’ తెచ్చుకున్న పిల్లవాడి సగటు తగ్గింది. ఇది పిల్లలకు అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఈ కారణంతోనే కొన్ని జిల్లాలు లలిత కళలు, వ్యాయామ విద్య వంటివాటిని ర్యాంకు లెక్క నుంచి తప్పించి, నాలుగు ప్రధాన సబ్జెక్టులను, భాషలను మాత్రమే పరిగణిస్తున్నాయి. మీ జిల్లా విధాన పత్రంలో ‘ర్యాంకుకు లెక్కించే కోర్సులు’ అన్న భాగాన్ని చదివితే వయొలిన్ గురించిన మీ దిగులులో సగం తీరిపోవచ్చు.

కృష్ణాతీరం:
ఇద్దరికీ ధన్యవాదాలు. పత్రం మళ్లీ చూశాను. మా జిల్లాలో ఆర్కెస్ట్రా కూడా లెక్కలోకి వస్తుంది. అంటే మీరు చూపిన లెక్క మాకు వర్తిస్తుంది. వాడి చేత మాన్పించడమేనా?

పాలమూరు పిల్ల:
దయచేసి మాన్పించకండి ఆంటీ. నేను హ్యూస్టన్ దగ్గర హైస్కూలు చదివి, ఇప్పుడు ఆస్టిన్‌లో ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాను. మా స్కూలులో ర్యాంకు కోసం బ్యాండు మానేసిన పిల్లలను చాలామందిని చూశాను కాబట్టి, ర్యాంకు అసలు దేనికి పనికొస్తుందో స్పష్టంగా చెప్పాలనుకుంటున్నాను.

1997లో చేసిన చట్టం ప్రకారం తమ హైస్కూలులో పైనున్న పది శాతంలో నిలిచినవారికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి మాత్రం 2009లో మినహాయింపు ఇచ్చారు. తాను చేర్చుకునే రాష్ట్ర విద్యార్థుల్లో ఈ దారిన వచ్చేవారిని 75 శాతానికి పరిమితం చేసుకునే వీలు దానికి ఉంది. అందువల్ల అక్కడ గీత క్రమంగా పైకి జరిగింది. చాలా ఏళ్లు ఆరు శాతం దగ్గర ఉండి, 2026 శరదృతువులో చేరేవారికి ఐదు శాతమైంది. టెక్సాస్ ఏ అండ్ ఎంలో పది శాతం నియమం అలాగే ఉంది. దరఖాస్తు పన్నెండో తరగతి ఆరంభంలో పెడతారు కాబట్టి సాధారణంగా పదకొండు ముగిసేనాటి ర్యాంకే చూస్తారు.

మన ఇళ్లలో ఎక్కువమంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. ఆ నేరు ప్రవేశం విశ్వవిద్యాలయంలోకి మాత్రమే, కోరిన బ్రాంచిలోకి కాదు. ఐదు శాతంలో ఉన్నా కంప్యూటర్ సైన్సు గానీ ఇంజినీరింగ్ గానీ ఇస్తారన్న హామీ లేదు. దానికి వ్యాసాలు, చేసిన పనులు, తీసుకున్న కోర్సుల కాఠిన్యం అన్నీ చూస్తారు. నాలుగేళ్లు ఒక వాద్యాన్ని పట్టుకుని నిలబడిన పిల్లవాడి దరఖాస్తుకు అక్కడ విలువ ఉంటుంది. రాష్ట్రం బయటి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు చాలావరకు జిల్లా ఇచ్చిన వెయిటెడ్ అంకెను పక్కనపెట్టి ట్రాన్‌స్క్రిప్టును (కోర్సులు, గ్రేడులు ఉండే అధికారిక పత్రాన్ని) తమ పద్ధతిలో చదువుకుంటాయి. అక్కడ ఆర్కెస్ట్రాలోని ‘ఏ’ గ్రేడు కేవలం ‘ఏ’గానే కనిపిస్తుంది.

రాయలసీమ:
పాలమూరు పిల్ల గారి అభిప్రాయాన్ని గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. పోటీ ఎక్కువగా ఉన్న స్కూళ్లలో ఐదో శాతానికీ తొమ్మిదో శాతానికీ మధ్య తేడా దశాంశాల్లో ఉంటుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫీజు భరించలేని కుటుంబానికి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఖాయమైన సీటు అంటే ఆర్థికంగా చాలా పెద్ద విషయం. ఆ లెక్క చూసుకునే తల్లిదండ్రులను తప్పుపట్టలేము. మా ఇంట్లో మధ్యేమార్గంగా, మా అమ్మాయి నాలుగేళ్లూ సంగీతం ఉంచుకుని, మిగిలిన ఐచ్ఛికాల్లో సాధారణ స్థాయివి లేకుండా చూసుకుంది. ఐచ్ఛికాల్లో కూడా కంప్యూటర్ సైన్సు, గణాంకశాస్త్రం వంటివి ఏపీ స్థాయిలో దొరుకుతాయి.

లెక్కల టీచరు:
రాయలసీమ గారు చూపిన మార్గం చాలా కుటుంబాలకు సరిపోతుంది. అయితే ‘తొమ్మిది నుంచే ఏపీ కోర్సులు నింపమన్న’ సలహా గురించి ఒక టీచరుగా నా ఆందోళన చెప్పాలి.

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులో రెండు వేర్వేరు ఫలితాలు ఉంటాయి. ఏడాదంతా తరగతిలో వచ్చే గ్రేడు ట్రాన్‌స్క్రిప్టులోకి, జీపీఏలోకి వెళుతుంది. మే నెలలో రాసే పరీక్షకు 1 నుంచి 5 వరకు వచ్చే స్కోరు జీపీఏలో కలవదు. అది కాలేజీ క్రెడిట్ కోసం. ఈ రాష్ట్రంలో 2015 నాటి చట్టం వల్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా 3 వచ్చినా తొలి స్థాయి కోర్సుకు క్రెడిట్ ఇవ్వాలి. ప్రైవేటువి, బయటి రాష్ట్రాలవి 4 లేదా 5 అడగవచ్చు, కొన్ని అసలే ఇవ్వకపోవచ్చు. తరగతిలో 78 తెచ్చుకుని పరీక్షలో 5 తెచ్చుకున్న విద్యార్థులు, 97 తెచ్చుకుని 2తో కుంగిపోయిన విద్యార్థులు ఇద్దరూ నా తరగతుల్లో ఉన్నారు. పునాది గట్టిపడకముందే బరువు పెంచితే నష్టపోయేది గ్రేడే, ఆ గ్రేడు మాత్రం చెరగదు.

మీ అబ్బాయికి గణితంలో దారి ఇప్పటికే సిద్ధంగా ఉంది. తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా 2, పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో ఏపీ కాల్క్యులస్. ఇంజినీరింగ్‌కు ఇది పూర్తిగా సరిపోతుంది. వేసవిలో జామెట్రీ ముగించి ఒక ఏడాది ముందుకు దూకించాలని కొందరు తల్లిదండ్రులు తొందరపడతారు. నిరూపణలు నెమ్మదిగా నేర్చుకోవలసిన ఏడాదిని కొన్ని వారాల్లో కుదించిన పిల్లలు కాల్క్యులస్‌లో ఎలా తడబడతారో చూస్తున్నవాడిని కాబట్టి, పిల్లవాడు తానుగా అడిగితే తప్ప వద్దంటాను. స్టెమ్ ఎండార్స్‌మెంటుకు ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, ఫిజిక్స్ తప్పనిసరి. కనుక తొమ్మిదిలో బయాలజీ, పదిలో కెమిస్ట్రీ, పదకొండులో ఫిజిక్స్ అన్న వరుస సహజంగా కుదురుతుంది.

తొమ్మిదిలో ఏపీ స్థాయి ఒకటి, మహా అయితే రెండు చాలు. మిగిలిన ప్రధాన సబ్జెక్టులు ఆనర్స్ స్థాయిలో (సాధారణ స్థాయికి పైది) తీసుకోవచ్చు.

కొత్తగా వచ్చాం:
ఈ చర్చ చదువుతుంటే మా సమస్య కూడా అడగాలనిపించింది. మా అమ్మాయి హైదరాబాదులో సీబీఎస్ఈ తొమ్మిదో తరగతి ముగించింది. ఈ వేసవిలో హ్యూస్టన్ వచ్చాము. పదో తరగతిలో చేర్చుకుంటామంటూనే, క్రెడిట్లు మాత్రం రికార్డులు చూశాక చెబుతామన్నారు. తెలుగు రెండో భాషగా చదివింది. మళ్లీ స్పానిష్ మొదటి నుంచి చదవాలా?

లెక్కల టీచరు:
బయటి దేశం నుంచి వచ్చిన రికార్డులను పరిశీలించి ఏ కోర్సుకు ఏది సమానమో నిర్ణయించే బాధ్యత జిల్లాది. మార్కుల పత్రంతోపాటు గణితం, సైన్సులలో ఏయే అధ్యాయాలు చెప్పారో తెలిపే సిలబస్ ప్రతిని, పాఠశాల ముద్ర ఉన్న లేఖను కూడా ఇవ్వండి. మన గణితంలో బీజగణితం, రేఖాగణితం ఒకే పుస్తకంలో కలిసి ఉంటాయి. ఇక్కడ అవి వేర్వేరు ఏళ్ల కోర్సులు కాబట్టి, సిలబస్ చూపకపోతే ఒకదానికే క్రెడిట్ ఇచ్చి ఊరుకునే అవకాశం ఉంది.

రికార్డుతో తేలని కోర్సుకు పరీక్ష ద్వారా క్రెడిట్ అడగవచ్చు. ముందే చదివిన కోర్సు అయితే 70 శాతం, చదవకుండా నేరుగా రాస్తే 80 శాతం రావాలి. ఒక కోర్సుకు రెండుసార్లకు మించి రాయనివ్వరు. మరొక ఊరట: టెక్సాస్‌కు రాకముందే సంపాదించిన కోర్సును జిల్లా అంగీకరిస్తే, ఆ కోర్సు రాష్ట్ర పరీక్ష మళ్లీ రాయనవసరం లేదు. ఆ పరీక్షలు ఐదు: ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లీషు 1, ఇంగ్లీషు 2, అమెరికా చరిత్ర.

భాష విషయంలో రెండు క్రెడిట్లు ఒకే భాషలో ఉండాలి. అది స్పానిషే కావాలన్న నియమం లేదు. కొన్ని జిల్లాలు తెలుగులో నైపుణ్య పరీక్ష రాయించి క్రెడిట్ ఇస్తున్నాయి. చదవడం, రాయడం, మాట్లాడటం అన్నీ పరీక్షిస్తారు. హైదరాబాదులో చదివిన మీ అమ్మాయికి అది కష్టం కాకూడదు. మీ జిల్లా అంగీకరిస్తుందో లేదో కౌన్సెలరును రాతపూర్వకంగా అడగండి.

ఫ్రీమాంట్ అమ్మ:
ఇక్కడి సభ్యుల్లో కాలిఫోర్నియా వారు కూడా ఉన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. పైన చెప్పిన అంకెలు మాకు వర్తించవు. మా దగ్గర సాధారణంగా ఒక సెమిస్టరు కోర్సుకు 5 క్రెడిట్లు. అందుకే పట్టా పొందడానికి రెండు వందలకు పైగా క్రెడిట్లు కావాలన్న మాట వింటే కంగారుపడకండి. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) విశ్వవిద్యాలయాలకు ఏ-జి అనే 15 ఏడాది కోర్సుల జాబితా ఉంది. అందులో 11 కోర్సులు పదకొండో తరగతి ముగిసేలోపు పూర్తి కావాలి, ప్రతి దాంట్లోనూ కనీసం సి రావాలి. వారి జీపీఏలో పది, పదకొండు తరగతుల గ్రేడులనే లెక్కిస్తారు, ఆనర్స్ అదనపు పాయింట్లకు ఎనిమిది సెమిస్టర్ల పరిమితి ఉంది. స్కూలు మనకు ఇచ్చే జీపీఏ వేరు, యూసీ కట్టుకునే జీపీఏ వేరు.

ప్లేనో నాన్న:
ఇంకా రాని విషయాలు రెండు ఉన్నాయి.

డ్యూయల్ క్రెడిట్ కోర్సులను ఏపీ కన్నా సులువని చెప్పి చాలామంది చేరుస్తున్నారు. కమ్యూనిటీ కాలేజీ కోర్సు హైస్కూలులోనే చదివితే రెండు చోట్లా క్రెడిట్ వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నింటిలో చెల్లే 42 క్రెడిట్ గంటల కోర్ కరిక్యులమ్‌లోని (డిగ్రీకి అందరూ చదవవలసిన ప్రాథమిక) కోర్సులైతే తరువాత బదిలీ కూడా ఇబ్బంది ఉండదు. కానీ అక్కడ వచ్చే గ్రేడు పిల్లల శాశ్వత కాలేజీ రికార్డులో మొదటి పంక్తి అవుతుంది. పదిహేడేళ్ల వయసులో వచ్చిన సి గ్రేడును వైద్య కళాశాలలకు దరఖాస్తు చేసేటప్పుడు కూడా చూపాలి. పిల్లలను డాక్టర్లను చేయాలనుకునే తల్లిదండ్రులు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

రెండోది డిసెంబరు ఇండియా ప్రయాణాలు. ఈ రాష్ట్రంలో తరగతి జరిగిన రోజుల్లో కనీసం 90 శాతం హాజరు లేకపోతే ఉత్తీర్ణుడైనా క్రెడిట్ ఆపే అధికారం ఉంది. అప్పుడు హాజరు కమిటీ ముందుకు వెళ్లి, వారు చెప్పిన విధంగా ఆ సమయం భర్తీ చేయాలి. సెమిస్టరులో పది శాతం అంటే దాదాపు తొమ్మిది రోజులే. పైగా చాలా స్కూళ్లలో సెమిస్టరు పరీక్షలు శీతకాల సెలవులకు ముందు వారంలోనే ఉంటాయి. పెళ్లిళ్లకు, పండుగలకు వెళ్లవద్దనడం లేదు. టికెట్లు కొనేముందు పాఠశాల క్యాలెండరు చూసుకోమంటున్నాను.

కొత్తగా వచ్చాం:
గ్రేడుల గురించి చిన్న ప్రశ్న. ఒక సెమిస్టరులో తప్పితే ఏడాదంతా మళ్లీ చదవాలా?

లెక్కల టీచరు:
అవసరం లేదండి. ఉత్తీర్ణతకు 70 రావాలి. మొదటి సెమిస్టరులో 66, రెండోదాంట్లో 76 వస్తే సగటు 71 కనుక పూర్తి క్రెడిట్ ఇస్తారు. సగటు 70కి చేరకపోతే, ఉత్తీర్ణమైన సెమిస్టరుకు అర క్రెడిట్ ఇచ్చి, మిగిలిన సగాన్ని మాత్రమే మళ్లీ చదివిస్తారు. ఇంగ్లీషు మాధ్యమానికి, ఇక్కడి బోధనా పద్ధతికి అలవాటుపడుతున్న పిల్లలు మొదటి సెమిస్టరులో కొంచెం వెనుకబడినా కంగారుపడవలసిన పని లేదు.

కృష్ణాతీరం:
కౌన్సెలరుతో మాట్లాడాను. ఆల్జీబ్రా 1 మార్కు మా జిల్లాలో జీపీఏలో కలవదట, క్రెడిట్ మాత్రం వస్తుందట. మా అబ్బాయితో కూర్చుని ఇలా రాసుకున్నాము: ఇంగ్లీషు 1 ఆనర్స్, జామెట్రీ ఆనర్స్, బయాలజీ ఆనర్స్, ఏపీ హ్యూమన్ జాగ్రఫీ, స్పానిష్ 1, ఆర్కెస్ట్రా, కంప్యూటర్ సైన్సు 1. తెలుగు నైపుణ్య పరీక్ష గురించి అడిగితే కనుక్కుని చెబుతానన్నారు. ఆర్కెస్ట్రాతో వ్యాయామ విద్య క్రెడిట్ కూడా తీరిపోతుందని ఒకరు అన్నారు, నిజమేనా?

లెక్కల టీచరు:
ప్రణాళిక చాలా బాగుంది. ఆర్కెస్ట్రాతో లలిత కళల క్రెడిట్ మాత్రమే తీరుతుంది. వ్యాయామ విద్యకు మార్చింగ్ బ్యాండు, క్రీడా జట్లు వంటివాటిని బదులుగా అంగీకరిస్తారు గానీ, కూర్చుని వాయించే ఆర్కెస్ట్రాకు ఆ వీలు లేదు. కొన్ని జిల్లాలు బయట తీసుకునే శిక్షణకు, వారానికి కనీసం ఐదు గంటలు ఉంటే, ఆ క్రెడిట్ ఇస్తాయి. ఈత, టెన్నిస్ నేర్పించేవారు, కూచిపూడి నేర్పించేవారు తమ సంస్థ జిల్లా ఆమోదించిన జాబితాలో ఉందో లేదో ఏడాది మొదలుకాకముందే అడగాలి. ఎందుకంటే, తరువాత పెట్టే అర్జీలను సాధారణంగా తీసుకోరు. మీ వాడికి అలాంటిదేమీ లేకపోతే వేసవిలో ఆన్‌లైన్ వ్యాయామ విద్య కోర్సు మీ జిల్లాలో ఉందేమో చూడండి. దానివల్ల పదో తరగతిలో ఒక పీరియడు ఖాళీ అవుతుంది, అందులో కంప్యూటర్ సైన్సు ఏపీ పెట్టుకోవచ్చు.

స్పానిష్ 1ను ప్రస్తుతానికి అలాగే ఉంచండి. తెలుగుకు అనుమతి వస్తే ఆగస్టులో షెడ్యూలు మార్పులకు ఇచ్చే గడువులో దాన్ని తీసివేయవచ్చు. ఎండార్స్‌మెంట్ గడిలో స్టెమ్ రాసి, సంతకం చేసిన పత్రం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.